విల్లా బడిలో బాత్రూం నీళ్ళు

తొంభైల మధ్యలో నేను దోహాలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. మా బడికి సొంత భవనం లేదు. అల్ రయ్యాన్ వైపు ఒక పాత విల్లాను అద్దెకు తీసుకుని నడిపేవారు. పడకగదులు తరగతులయ్యాయి, వంటగది ఆఫీసయింది. బాత్రూంలు మాత్రం బాత్రూంలుగానే మిగిలాయి. ఒక కుటుంబం కోసం కట్టినవాటిని బడి పిల్లలంతా వాడుకోవాలి. మేడమీద ఆడపిల్లల బాత్రూంలో స్నానాల తొట్టె కూడా అలాగే ఉండిపోయింది. అందులో మాప్‌లు, ఫినాయిల్ డబ్బాలు పెట్టుకునేవాళ్ళం.

సెప్టెంబరులో బడి తెరిచిన కొద్ది రోజులకే ఒక తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కాకినాడ ఆవిడ. భర్త ఏదో కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. వాళ్ళమ్మాయి నా తరగతే, కిటికీ పక్కన కూర్చునేది. ముందురోజు ఇంటికెళ్తూ బస్సులో సీటు తడిపేసింది. వెనక సీటు పిల్లలు చూసి నవ్వారట. పొద్దున్న బస్సెక్కనని ఏడిస్తే తండ్రి కారులో దింపి వెళ్ళాడు.

"ఇంట్లో పక్క తడపడం ఎప్పుడో మానేసిందండి. మొన్నట్నుంచి ఒంటేలుకెళ్తే మంటంటోంది. డాక్టరుగారు నీళ్ళు బాగా తాగించమన్నారు. ఇదేమో సీసా ఎలా పంపితే అలాగే వెనక్కి తెస్తోంది," అందావిడ. గొంతు పెంచలేదు. "ఏమీ అనుకోకపోతే మీ బాత్రూం ఒకసారి చూస్తానండి."

మేడమీదకు తీసుకెళ్ళి చూపించాను. నేల శుభ్రంగా ఉంది. సబ్బుంది, టిష్యూ ఉంది, కమోడ్ పక్కన కడుక్కునే పైపుంది. ఆవిడ తలుపు గడియ కూడా వేసి తీసి చూసింది. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క మరింత దిగులుగా వెళ్ళిపోయింది.

మా హెడ్‌మిస్ట్రెస్ మలయాళీ, టీచర్లందరితో ఇంగ్లీషులోనే మాట్లాడేది. సంగతి చెప్పగానే వాసన వల్లే పిల్లలు వెళ్ళడం లేదని తేల్చింది. ఆ సాయంత్రమే వాసన సబ్బులు, కొత్త మగ్గులు, టిష్యూ కట్టలు తెప్పించింది. ఇంటర్వెల్ ముందు ఇంకోసారి కడగమని ఆయాకు చెప్పింది. ఆయాది కడప జిల్లా. ఎవరింట్లోనో పనికి వచ్చి, తర్వాత మా బడిలో చేరింది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని.

వారం గడిచింది. ఒకరోజు ఇంటర్వెల్ అయ్యాక అక్క నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"మేడం, నేను కడిగిపోయినాక లోపలికి ఒకరిద్దరు తప్ప ఎవురూ పోలేదు. నేల ఆరింది ఆరినట్టే ఉండాది. సబ్బు కూడా తడి కాలే."

"మరి ఆడపిల్లలంతా ఏం చేస్తున్నారక్కా?"

"బిగబట్టుకోని కూచుంటాండారు. అడిగితే తల అడ్డంగా ఊపుతారు."

తరగతికి వెళ్ళి కాకినాడ పాపను పక్కకు పిలిచాను. బాత్రూం మురికిగా ఉందా అంటే కాదంది. భయమా అంటే కాదంది. నేను అడగడం మానేసి నోటుపుస్తకాలు సర్దుకుంటుంటే, తల వంచుకుని తనే చెప్పింది. "నీళ్ళు కరుస్తాయి మిస్."

వెళ్ళి పైపు విప్పి అరచెయ్యి పెట్టాను. చురుక్కుమని చెయ్యి లాగేసుకున్నాను. ట్యాంకు డాబా మీద ఉంది. దానికి నీడ లేదు. ఎండలో కాగిన నీళ్ళు తిన్నగా ఆ పైపులోకి వస్తున్నాయి. ఆ నీళ్ళతో పసిపిల్లలు ఎలా కడుక్కుంటారు? ఒకసారి కాలిన పిల్ల మళ్ళీ వెళ్ళదు. పక్కపిల్లకూ చెబుతుంది. వెళ్ళే పని పడకుండా నీళ్ళు తాగడం మానేస్తారు. మా స్టాఫ్ బాత్రూంకి కింద గదిలో వేరే ట్యాంకు ఉండడంతో మాలో ఎవరికీ ఇది తగల్లేదు. అక్క కడిగేది చీపురుతో, రబ్బరు చేతి తొడుగులతో.

"యేడి నీళ్ళు నేలకు మంచిదేలే అనుకున్యా మేడం," అంది అక్క.

ముందు మాకు తోచింది చేశాం. తొట్టెలో సామానంతా తీసి, ఇద్దరం పీచుతో రుద్ది కడిగాం. బడి వదిలాక దాన్ని నింపేసి మూతగా ప్లైవుడ్ చెక్క కప్పాం. తెల్లారేసరికి నీళ్ళు చల్లబడ్డాయి. ఇంటర్వెల్‌లో అక్క మగ్గుతో ముంచి ఒక్కొక్కరికీ ఇచ్చింది. మొదటిరోజే బాత్రూం బయట వరుస కట్టారు. కాకినాడ పాప కూడా నిలబడింది, ముందున్న పిల్ల జడ పట్టుకుని.

కొన్నాళ్ళు అలా సాగింది. తర్వాత ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ మేడమీదకొచ్చి, చెక్క పక్కకు జరిపి తొట్టెలోకి వంగి ఆడుకుంటున్న పిల్లను చూసింది. పిల్లను ఎత్తి దూరంగా దింపి, నా వైపు తిరిగింది.

"ఈ రోజే తొట్టె ఖాళీ చేయించండి. ఎవరైనా అందులో పడితే నేను వాళ్ళమ్మకు ఏం చెప్పను?"

"ఖాళీ చేస్తే మళ్ళీ ఆ కాగే నీళ్ళే మేడం."

ఆవిడ నమ్మలేదు. పైపు విప్పి చూపించాను. చెయ్యి పెట్టి తీసింది, చీర చెంగుతో తుడుచుకుంది. ఆఫీసుకు వెళ్ళి ఇంటి యజమానికి ఫోన్ చేసింది. గోడలు పగలగొట్టకపోతే ఏమైనా చేసుకోండి అన్నాడట ఆయన.

శుక్రవారం సెలవునాడు ప్లంబర్ వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. డాబా ఎక్కి చూసి దిగాడు.

"టాంకి మీద రేకు వేస్త మేడం, గని దానితోని సగమే తక్కువైతది. ఈ తొట్టి తీసేసి, లోపట చిన్న టాంకి పెడ్త. బడి ఇడిచినంక నింపుకోండ్రి. పొద్దుగాలకు సల్లగైతయి."

"పిల్లలకు మూత అందకూడదు బాబూ."

"స్టాండ్ మీద ఎత్తుకు పెడ్త. నల్లాలు మాత్రం కిందికి పెడ్త, గా పిలగాండ్లకు అందేటట్టు."

మధ్యాహ్నం దాకా పని జరిగింది. తొట్టె మెట్ల మీదుగా దింపడానికి మా బడి బస్సు డ్రైవర్లు ఇద్దరు సాయం పట్టారు. కుళాయిలు నడుం ఎత్తుకు పెట్టబోతుంటే అక్క వద్దని, మోకాళ్ళ మీద కూర్చుని ఒకటో తరగతి పిల్లంత ఎత్తయి చూపించింది. అతను నవ్వుకుంటూ గోడ మీద గుర్తు పెట్టుకున్నాడు.

కాకినాడ పాపకు మంట తగ్గింది. బస్సులో ఏడిపించిన పిల్లలతోనే మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ ఇంకోసారి బడికి వచ్చింది. అక్క చేతిలో ఒక జంతికల పొట్లం పెట్టి వెళ్ళింది. అందులో నాకూ సగం వచ్చింది.

పిల్లలు వెళ్ళడం మొదలయ్యాక ఇంకో తంటా వచ్చింది. సబ్బులు నిలవడం లేదు, టిష్యూ కమోడ్‌లో కుక్కుతున్నారు, నేల ఎప్పుడూ తడే. అక్క ఒక్కతే రెండంతస్తులూ చూసుకోలేక సాయంత్రానికి నడుం పట్టుకునేది. స్టాఫ్ మీటింగులో ఆ మాట నేనే ఎత్తాను. ఇంకొక ఆయాను వేస్తామన్నారు, వేశారు కూడా. దానితోపాటు బాత్రూంల బాధ్యత నాకు అప్పజెప్పారు. మిగతా టీచర్లకు లైబ్రరీ, ఆటలు, వార్షికోత్సవం వచ్చాయి. ఆ రోజు కొంచెం చిన్నతనంగానే అనిపించింది. మర్నాడు ఇంటర్వెల్ గంట కొట్టగానే సబ్బు ఉందో లేదో చూడ్డానికి మేడమీదకు వెళ్ళాను.