ఉసిరికాయ తిన్నాక నీళ్లు

మా ఫ్రిజ్ తలుపులో ఉసిరి రసం సీసా ఒకటి కాపురం పెట్టింది. పరగడుపున రెండు మూతలు తాగితే షుగరు అదుపులో ఉంటుందని, జుట్టు రాలదని వాకింగు స్నేహితులెవరో మా ఆయనకు చెప్పారట. రాలడానికి ఉన్న జుట్టెంతని! నవ్వుకుంటూనే మూత తీస్తాను. ఆ వగరు వాసన ముక్కుకు తగలగానే మదనపల్లెలోని ఈ మూడో అంతస్తు వంటగది కాస్తా మాయమై, పుంగనూరు దగ్గరి మా పల్లెలో అవ్వ వంటిల్లు కళ్లముందుకొస్తుంది.

కార్తీకం చలి మొదలైతే మా అవ్వకు ఇంట్లో మనుషులకంటే ఉసిరికాయలే ముద్దు. గుట్ట మీద చెట్లు దులిపి పిల్లలం ఒడినిండా ఏరుకొచ్చిన కాయల్లో కొన్ని ఉప్పూ పసుపూ కలిపిన జాడీలోకి, కొన్ని పచ్చిమిరపకాయలతో రోట్లోకి పోతే, కొన్ని ముక్కలై మిద్దె మీద ఎండేవి, మిగిలినవి కొబ్బరినూనెలో కాగి మా తలలకెక్కేవి. పొగలు కక్కే రాగిసంగటి, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఆ తొక్కు... రాస్తుంటేనే నోరూరుతోంది. దగ్గొచ్చినా, నోరు పూసినా, చిగుళ్లలో నెత్తురు కనబడినా, జ్వరం తగ్గి అన్నం సయించకపోయినా అవ్వ చెయ్యి ఆ జాడీలోకే పోయేది. రాత్రిపూట మాత్రం ఉసిరికాయ పేరెత్తనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే మొట్టికాయే జవాబు.

మాకు లేనిదల్లా మంచినీళ్లు. ఇంటి ముందరి బావి ఎండాకాలంలో కూడా ఎండేది కాదు గానీ, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. తాగేనీళ్లు కావాలంటే గుట్ట అవతలి బావికి బిందెలు మోయాల్సిందే. పిల్లలకు మాత్రం ఆ ఉప్పుబావే ఆట. ఉసిరికాయ నమిలి, మింగీ మింగకముందే పరుగెత్తి చేదలో నీళ్లు తాగితే, అవే నీళ్లు చక్కెర కలిపినంత తియ్యగా గొంతు దిగేవి. ఎవరికి ఎంత తీపి తగిలిందని కొట్లాడుకునేవాళ్లం.

ఆ ఉప్పు మా చిన్నాయన పెళ్లికి అడ్డం పడింది. మనిషి బంగారం, సేద్యం ఉంది, అయినా ఇల్లు చూసుకోవడానికి వచ్చిన ఆడపిల్లవాళ్లు కుండలో నీళ్లు వద్దని, బావిలోంచి చేది ఇమ్మనేవారు. ఒక గుక్క తాగి మొహాలు చూసుకునేవారు. బిడ్డను జన్మంతా బిందెలు మోయడానికి ఎవరు పంపుతారు? రెండు సంబంధాలు అట్లాగే తప్పిపోయాక చిన్నాయన నలుగురిలోకి రావడం మానేశాడు. అది చూసి అవ్వ కుమిలిపోయేది.

మూడో సంబంధం కుప్పం నుంచి వచ్చింది. పిల్ల నాయన, మేనత్త, పళ్లూడిన ముసలి అవ్వ బండి దిగారు. దిగీ దిగగానే ఆయన బావి వైపు చూశాడు. మా అవ్వ చేదకంటే ముందు పళ్లెం పట్టుకొచ్చింది, నిండా ఊరిన ఉసిరికాయలు.

"ఎండన పడి వచ్చుండారు, ముందు ఒక కాయ నోట్లో ఏసుకోండప్పా, దప్పిక నిలుస్తాది."

మా ఆట మా అవ్వ చేతికెట్లా చిక్కిందో! నవ్వు బయటికి రాకుండా పైట చెంగు లేని నేను గౌను అంచే నోట్లో కుక్కుకున్నాను. పిల్ల నాయన కాయ నమిలి, చెంబెత్తి గటగటా తాగి, "ఏం తీపి నీళ్లమ్మా ఇయ్యి!" అన్నాడు. మేనత్త కూడా తలూపింది. ముసలావిడ మాత్రం పళ్లెం పక్కకు నెట్టింది.

"నెల్లికాయ కొరికేదానికి నాకు పళ్లు యాడుండాయి? నీళ్లు ఇయ్యమ్మా."

అవ్వ చెంబు అందించింది. ముసలావిడ ఒక గుక్క తాగింది, ఆగింది, మా అవ్వ మొహంలోకి నిదానంగా చూసింది. ఆమె చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "బాగుండాయి నీళ్లు" అంది. అంతే, పెళ్లి కుదిరింది.

పెళ్లై వచ్చిన మరునాటి పొద్దున్నే పిన్నమ్మ మొహం కడగడానికి బావి దగ్గరికి పోతుంటే, అవ్వ దొంగలా వెనకే నడిచింది, గుప్పెట్లో ఉసిరికాయ పెట్టుకుని. పిన్నమ్మ నీళ్లు పుక్కిలించి వెనక్కి తిరిగి చిన్నగా నవ్వింది.

"ఉప్పని నాకు తెలుసత్తా. మా అవ్వ ఆపొద్దే సెప్పింది. చెంబుడు నీళ్లకు ఇంత తాపత్రయపడే అత్త నిన్ను ఏడిపీదు, పోమ్మే అనింది."

అవ్వ అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేసింది. ఆ తర్వాత చేతనైనన్నాళ్లూ పిన్నమ్మను ఒంటరిగా నీళ్లకు పంపలేదు, తనూ ఒక బిందె చంకనెత్తుకుని వెంట నడిచేది.

అవ్వ పోయింది. చుట్టూ బోర్లు పడి ఆ ఎండని బావి ఎండింది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పూడ్చేశారు. పుంగనూరులో ఉంటున్న పిన్నమ్మ ఇంట్లో ఇప్పుడు క్యాన్ నీళ్లు. పోయిన నెల వెళ్తే, గ్లాసుకంటే ముందు నా అరచేతిలో ఊరిన ఉసిరికాయ పెట్టింది.

"మినరల్ వాటరే కదా పిన్నమ్మా, ఇంకా యాల ఇది?"

"తిను. ఈ ఇంట్లో నీళ్లు ఇచ్చేది అట్టనే అని మీ అవ్వ నేర్పిండాది."

నమిలాను, తాగాను. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. మా ఉప్పునీళ్లంత తియ్యగా మాత్రం లేవు.