అక్క నోట్లో గుండుసూదులు

కోట్లు కుట్టే దర్జీకి సొంత అక్కే కిడ్నీ ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే ఆమె అక్క ఎలా అవుతుంది? రోజూ పొద్దున్నే కొట్టుకి వచ్చి, తమ్ముడు ఎలా ఉన్నాడన్న ఊసైనా ఎత్తకుండా, "నాది ఎలా ఉందిరా?" అని అడుగుతుంది.

"నీది బాగానే ఉందక్కా. మునిగిపోతున్నది నేనే," అంటాడు దర్జీ.

అందులో అబద్ధమేమీ లేదు. జబ్బు చేయకముందు అతను నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని పనిచేసేవాడు. చెయ్యి నోటికీ గుడ్డకీ మధ్య దానంతటదే తిరిగేది. ఇప్పుడు కిడ్నీ నిలవడానికి వేసుకునే మందులతో ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది కాబట్టి, సూదులు నోట్లో పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. సరేనని సూదులు గుచ్చే చిన్న దిండు మణికట్టుకు కట్టుకున్నాడు. అబ్బే, చెయ్యి వింటేగా! నోటిదాకా పోయి, అక్కడ ఏమీ లేక తెల్లమొహం వేసేది. ఈలోగా గుడ్డ జారిపోయేది.

అంతకన్నా పెద్ద చిక్కు, నోరు ఖాళీ కావడం. ఇన్నేళ్లూ సూదులు ఆపిన మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. పదవీ విరమణ సభకు కుట్టించుకుంటున్న కోటు తొడిగి చూసుకోవడానికి వచ్చిన బ్యాంకు మేనేజరుతో, "సార్, ఈ బొత్తాం పట్టాలంటే తగ్గాల్సింది మీరండీ," అనేశాడు. ఆయన కోటు విప్పి బల్లమీద పడేసి వెళ్లిపోయాడు. మిగిలిన కస్టమర్లూ ఇలాగే ఒకరి వెనక ఒకరు జారుకోగా, కొట్లో ఈగలు తోలుకోవడమే పనైంది.

"కొట్టు మూసేస్తానక్కా. ఈ పని తప్ప నాకేం వచ్చు?" అన్నాడు.

"ఇలా కూర్చుని ఏడుస్తావనా నా ఒంట్లోది కోసిచ్చాను?" అంది అక్క.

మర్నాడు బతిమాలిందో బెదిరించిందో, మేనేజరును వెంటబెట్టుకొచ్చింది. తమ్ముడి పక్కన స్టూలు వేసుకుంది.

"నోరు విప్పావంటే నాది నాకిచ్చెయ్యాలి," అని, గుప్పెడు సూదులు తన పెదాల మధ్య పెట్టుకుంది.

దర్జీ చెయ్యి అలవాటుగా నోటివైపు లేచింది. అక్క తన మొహం దానికి అడ్డంపెట్టింది. సూది దొరికింది. ఇక చెయ్యి ఆగలేదు. దర్జీ కిక్కురుమనలేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

మేనేజరు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, మురిసిపోతూ వెళ్లాడు. నోట్లో ఇంకా సూదులుండగానే అక్క తమ్ముడి డొక్కవైపు చూసి కనుబొమలెగరేసింది.

"నీది బాగుందక్కా," అన్నాడు దర్జీ. "నేనూ బాగున్నాను."