సగం బిళ్ళల స్టోర్‌కీపరు

మా బావ ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు స్టోర్‌కీపరుగా చేశాడు. నేనూ అక్కడే ఫిట్టర్ని. అడిగినవాడికి అడిగినంత సరుకు ఇస్తే ఆయనకు ఆ రోజు అన్నం సహించేది కాదు. పది బోల్టులడిగితే ఆరిచ్చి, "ముందు ఇవి వాడు, తర్వాత చూద్దాం," అనేవాడు. బావమరిదినని నాకేమీ ఎక్కువ ఇవ్వలేదు. ఇంకా ఒకటి తగ్గించేవాడు.

నలభై తొమ్మిదో ఏట ఆయనకు షుగరొచ్చింది. కంపెనీ బీమా ఉంది కాబట్టి నెలనెలా ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో బిళ్ళలు ఊరికే చేతిలో పెట్టేవాళ్ళు. బావ దిగులల్లా రిటైరయ్యాక ఏమిటని. ఉద్యోగం దిగిన రోజే ఆ బీమా ఆగిపోతుంది. బయట ఒక బీమా ఆఫీసుకెళ్ళి అడిగితే, "మీకు షుగరుందిగా, దానికి తప్ప మిగతా అన్నిటికీ ఇస్తాం," అన్నారు. జబ్బు లేనివాళ్ళ ఆరోగ్యమంటే వాళ్ళకు ఎంత శ్రద్ధో!

ఆ సాయంత్రం నుంచే బావ బిళ్ళను బ్లేడుతో రెండుగా కోసి, ఇవాళ సగం, రేపు సగం వేసుకోవడం మొదలుపెట్టాడు. మిగిలిన షీట్లు మంచం కింద ట్రంకుపెట్టెలోకి పోయేవి.

"రిటైరయ్యాక మీరంతా మందుల షాపుల చుట్టూ తిరుగుతుంటే నేను కాలుమీద కాలేసుకుని కూర్చుంటానురా, చూస్తూ ఉండు," అనేవాడు నాతో. అక్క నెత్తీనోరూ బాదుకుంది. వింటేగా!

పరీక్ష చేసిన ప్రతిసారీ షుగరు పెరిగే ఉండేది. డిస్పెన్సరీ డాక్టరుకేం తెలుసు పాపం, మందు చాలడం లేదనుకుని డోసు పెంచాడు. నెలకిచ్చే బిళ్ళలు రెట్టింపయ్యాయి. అప్పుడు చూడాలి బావ సంబరం!

"నేను అడగనైనా లేదురా, ఆయనే ఇచ్చాడు," అంటూ రెండో ట్రంకుపెట్టె కొన్నాడు.

రిటైరైన రెండేళ్ళకు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికీ అక్షరాలు ఆనడం లేదు. ఉన్న ఆ కాస్త చూపైనా నిలవాలంటే ఇవాళ్టి నుంచి మందు మోతాదు తగ్గకుండా పడాల్సిందేనన్నాడు కంటి డాక్టరు.

"మందులకేం లోటు లేదండీ," అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని.

"గడువు చూసి వాడండి," అన్నాడాయన.

ఇంటికొచ్చి పెట్టెలు రెండూ లాగాం. బావ ఒక్కో షీటూ అందిస్తుంటే నేను తేదీ చదివాను. మొదటి షీటుకు గడువు దాటి తొమ్మిదేళ్ళయింది. రెండోదానికీ అంతే. పాత సరుకు ముందు వాడాలనే స్టోరు పద్ధతిలో ఈ రెండేళ్ళూ బావ మింగింది వీటినే. గడువు దాటినవి పక్కన పడేస్తూ పోయాను.

"బోల్టులకి డేట్లుండవు కదరా," అన్నాడు చిన్నగా.

రెండు పెట్టెలూ ఖాళీ చేస్తే గడువున్న షీటు ఒక్కటి తేలింది.

"దాన్ని లోపల పెట్టు. ముందుముందు పనికొస్తుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మరుక్షణం ఏడుపొచ్చింది. ఆ షీట్లోంచి ఒక బిళ్ళ నొక్కి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. అక్క మంచినీళ్ళు పట్టుకుని నిలబడింది. బావ బిళ్ళ అంచు చుట్టూ బొటనవేలితో తడిమి చూశాడు. కోసిన చోటు తగల్లేదు.

"మొత్తం వేసుకోమంటావా?" అన్నాడు.