సాక్ష్యం మధ్యలో కీబోర్డు

వాణ్ణి పోలీసు జీపు ఎక్కించడం టీవీలో చూపిస్తుంటే, మైపాడు టీకొట్టులో అందరూ నా వైపు తిరిగారు. వాడికి పాట నేర్పింది నేనే మరి. తన సినిమాలో డాన్సు చేసే అమ్మాయిని గదిలో పెట్టి గడియ వేసి, చెయ్యి విరగ్గొట్టాడని కేసు.

"ఏందన్నా, నీ శిష్యుడు లోపల ఏం పాడతాడంటావ్?" అన్నాడు కొట్టతను.

"బెయిలు పాట!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కోపం. వాడికంటే ఎక్కువగా నా మీద.

మా చర్చిలో ముప్పై ఏళ్ళు కీబోర్డు వాయించాను. వాడు సముద్రంలో చేపల వేటకు పోయే వాళ్ళ బిడ్డ. గొంతు విని నేనే చేరదీశాను. పంతొమ్మిదేళ్ళప్పుడు వాడు పాడిన పాటొకటి ఫోన్ల మీద ఊరూరా పాకింది. ఆ తర్వాత ఆల్బములు, కాలేజీ స్టేజీలు, చివరికి హీరో వేషం. ఆ మొదటి పాటతో పేరు కొత్తగా వస్తున్న రోజుల్లోనే, క్రిస్మస్ ప్రాక్టీసుకు వచ్చాడు. వైరు కోసం నేను చర్చి వెనక గదికి వెళ్తే లోపల గడియ పడి ఉంది. తలుపు తట్టాను. మా బృందంలో పాడే డిగ్రీ అమ్మాయి బయటికొచ్చింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. వెనకాలే వాడు, జుట్టు సర్దుకుంటూ.

"కాలు జారింది అన్నా" అన్నాడు.

నేను నమ్మలేదు. అయినా ఆ అమ్మాయికి మంచినీళ్ళిచ్చి, "పండగ ముందు ఇంట్లో చెప్పబాకమ్మా" అన్నాను. పైనెల వాడి రికార్డింగుకు నన్ను చెన్నైకి తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాడు. అదీ నా పండగ.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరే లేచి చెబుతారు. ఎవరైనా మరీ సాగదీస్తే పాస్టరు అయ్యగారు నా వైపు చూస్తారు. నేను మెల్లగా వాయించడం మొదలుపెడతాను, సంఘం పాట అందుకుంటుంది, చెప్పే మనిషి కూర్చుంటాడు. ఎవరూ తప్పు పట్టరు.

ఆ వారం ఆ అమ్మాయి లేచింది. "మొన్న ఈ గోడ వెనకాల నన్ను..." అంది. అయ్యగారు నా వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. నేనే వాయించాను. శబ్దం పెంచాను కూడా. సంఘమంతా లేచి చప్పట్లు కొట్టింది, ముందు వరసలో వాడూ కొట్టాడు. ఆ అమ్మాయి పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత కూర్చుంది. మరుసటి ఆదివారం నుంచి రాలేదు. వాడు హీరో అయ్యాడు.

ఇప్పుడామె సూళ్లూరుపేటలో నర్సు. అరెస్టు వార్త వచ్చిన మర్నాడు ఫోన్ చేసింది.

"స్టేషనుకు పోతా ఉండా అన్నా. ఆ గది బయట నన్ను చూసినోడివి నువ్వొక్కడివే. వస్తావా, రావా?"

చర్చి పెద్ద ఒకాయన ఇంటికొచ్చాడు. "పాతవన్నీ తవ్వితే సంఘం పరువేం కావాల? నువ్వూ ఇరుక్కుంటావయ్యా."

"ఇరుక్కోవాల్సినవాణ్ణే" అన్నాను.

స్టేషన్లో ఆమె పక్కనే కూర్చుని అంతా చెప్పాను. ఎస్సై రాస్తూ తలెత్తి, "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"పండగ ముందని..." అని నసిగాను.

"పండగ కాదు సార్," అంది ఆమె. "వాడు పైకి రావాల, వాడి గురువునని ఈయన చెప్పుకోవాల. అందుకు."

"అదీ రాయండి" అన్నాను. రాశాడు. సంతకం పెట్టాను.

బయటికొచ్చాక, "నన్ను క్షమించమ్మా" అన్నాను.

"ఆ మాట ఇప్పుడు అడగబాక అన్నా. రేపు కోర్టులో వాడి లాయరు నీ పరువు తీస్తాడు. అప్పుడు కూడా ఇదే చెప్పు. ఆ తర్వాత చూద్దాం."

బస్సెక్కి వెళ్ళిపోయింది. కేసు ఇంకా విచారణకు రాలేదు.