గుర్రానికి బెల్లం పెట్టిన హేతువాది

ఒక మూఢనమ్మకాన్ని పీకి పారేసి, సరిగ్గా అదే మేకుకు మీ సొంతది ఎప్పుడైనా తగిలించారా? నేను తగిలించాను. ఆ రోజుల్లో గోదావరిఖనిలో నాలుగు చర్చావేదికలెక్కి గెలిచిన ఇరవై రెండేళ్ల హేతువాదిని. నాకు తెలియనిది కూడా ఉంటుందన్న సంగతి ఒక్కటే నాకు తెలియదు.

మా అక్క భర్త, అంటే మా బావ, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలేవాడు. ఆ ఇంటిని నిలబెట్టింది ఆ ఒక్క గుర్రమే, పేరు రాణి. తీరా పెళ్లిళ్లు మొదలయ్యే ముందు అది దగ్గసాగింది. ఊపిరి వదలాలన్నా పొట్ట బిగించి తోస్తోంది. బావ వాళ్ల అవ్వ కొట్టం గుమ్మానికి నిమ్మకాయల దండ కట్టి, "దిష్టి తాకింది బిడ్డా. పోయినేడు పెండ్లికొడుకును మోస్తుంటే ఊరంత సూడలేదా?" అంది. నేను దండ తెంపాను. "ఏ పుస్తకంల ఉన్నదవ్వా దిష్టి? ఇది బొగ్గుదుమ్ము! పక్కనే ఓపెన్‌కాస్టు గని పెట్టుకొని ఇంకేముంటది?" (మా వైపు ఏ దగ్గుకైనా బొగ్గే ముద్దాయి. విచారణ ఉండదు.)

ఇక శాస్త్రీయంగా రంగంలోకి దిగాను! కిటికీలన్నీ టార్పాలిన్‌తో బిగించాను. తలుపు మాటిమాటికీ తెరవకుండా వారానికి సరిపడా ఎండుగడ్డి లోపలే కుక్కాను. పైగా పూటకో బెల్లం గడ్డ. గనిలో పనిచేసేవాళ్లు గొంతులో దుమ్ము దిగాలని బెల్లం తినేవారు. మా నాన్న తిన్నాడు, అంతకన్నా రుజువేం కావాలి? రాణి బెల్లం ఇష్టంగా తిని ఇంకా గట్టిగా దగ్గింది. నాలుగో రోజుకు అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. బావ నా ముఖం చూడకుండానే అన్నాడు: "బామ్మర్ది, నీ సైన్సు జర పక్కకు పెట్టు. గుర్రం పోయేటట్టున్నది."

పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ వచ్చింది. రాణిని ఆరుబయటికి తెప్పించి, జ్వరం లేదని చూసి, సూది వేసింది. అది కాస్త తేరుకున్నాక ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి తీసి దాని ముక్కుకు తొడిగింది! "అయ్యో, సంపుతున్నవా బిడ్డా!" అని అవ్వ కేక. నిజం చెప్పాలంటే నేనూ అరిచాను. "ఒక్క నిమిషమే అవ్వా. సంచిల గాలి సాలక గట్టిగ ఊపిరి తీస్తెనే లోపలి కూత ఇనవడతది," అంటూ ఆమె పక్కటెముకల మీద స్టెతస్కోపు ఆనించి విని, సంచి తీసేసింది. "దగ్గు ఎప్పుడెక్కువ?"

"గడ్డి తినేటప్పుడు మేడం," అన్నాడు బావ.

ఆమె కొట్టంలోంచి గుప్పెడు గడ్డి తెచ్చి ఎండలో దులిపింది. గుప్పుమని తెల్లటి పొగ! ఈసారి దగ్గింది నేను. "బూజు. ఈ దుమ్ము పడకనే ఊపిరి గొట్టాలు బిగుసుకున్నయి. కిటికీలు ఎవరు మూసిన్రు?" అవ్వ వేలు నా వైపు తిరిగింది. కొట్టంలో బెల్లం గడ్డలు చూసినట్టుంది, డాక్టరమ్మే మళ్లీ అడిగింది: "మరి బెల్లం ఏ రోగానికి?" నేను మా నాన్న సంగతి ఎత్తబోయాను. అవ్వ వదిలిపెడుతుందా? "ఏ పుస్తకంల ఉన్నదో చెప్పు బిడ్డా!"

ఆ గడ్డి పారబోశాం. తెచ్చిన కొత్త గడ్డిని రోజూ నీళ్లలో నానబెట్టే డ్యూటీ నాకే పడింది. మందులు, ఆరుబయట గాలి పనిచేశాయి. మూడో వారం కమాన్‌పూర్ పెళ్లిలో రాణి తల ఎగరేసి నడుస్తుంటే బావ నన్ను కావలించుకుని ఏడ్చాడు.

దిష్టి లేదని ఈనాటికీ అంతే గట్టిగా అంటాను. కానీ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడికి శాస్త్రం మీద బోలెడు ప్రేమ, పరీక్షించే ఓపిక మాత్రం లేదు. మీ పశువు దగ్గుతోందా? ఉపన్యాసం ఆపండి. డాక్టరుకు కబురు పెట్టండి. ఆ డాక్టరు వచ్చేలోగా కొట్టం కిటికీలు తెరవండి. ఇప్పుడే, లేవండి!