మామ ఇంజను, నాయిన విస్తరి

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో డీజిల్ దొరకడం కన్నా దేవుడు కనబడటం సులువు. మేడ్చల్‌లో మా మామకు పిండిగిర్ని, దానికొక డీజిల్ ఇంజను ఉండేవి. నేను కొత్త కోడలిని. (నేనూ ఇంజనూ ఒకే ఏడాది ఆ ఇంట్లో అడుగుపెట్టాం, పసుపుకుంకుమలు ఎవరికి ఎక్కువ పెట్టారో అడక్కండి.) డీజిల్ కరువు ముదిరాక మామ పెరట్లో ఒక ఇనుప పీపా నిలబెట్టించాడు. అందులో గింజలొలిచిన మక్కబెండ్లు, కందికట్టె ముక్కలు పోసి అరకొరగా కాలిస్తే గ్యాసు పుడుతుంది, అది గొట్టంలో పోయి ఇంజనుకు అందుతుంది, ఇక డీజిల్ కొంచెం చాలు. దివ్యమైన ఆలోచన. కాకపోతే మా పొయ్యిలోకీ అవే బెండ్లు, అదే కందికట్టె. ఆనాటి నుంచి ఇంజను పూటపూటా వేడివేడిగా ఆరగించేది, మేం ఒకపూట వండుకుని రెండుపూటలు తినేవాళ్ళం.

ఈ సంగతి శామీర్‌పేటలో మా నాయిన చెవిన పడింది. చూసిపోతానని కబురు పెట్టాడు. విస్తట్లో చద్దన్నం కనబడితే నన్ను బండెక్కించుకుని తీసుకుపోతాడు. నాకేమో ఆ ఇల్లు అప్పటికే ఇష్టమైపోయింది, ముఖ్యంగా మా అత్త.

తీరా నాయిన వచ్చేసరికి ఇంట్లో ఎండుపుల్ల లేదు. అన్నీ పీపా కడుపులోకి పోయాయి. మామ వియ్యంకుణ్ణి నేరుగా గిర్నిలోకి తీసుకుపోయాడు. "సూడు బావా, తినేది మక్కబెండ్లు, తాగేది గింతంత డీజిల్. గీ డబ్బాల పోసింది పొద్దుమూకే దాంక వస్తది."

కోసిన కోడి ముందు కూర్చుని నేను ఏడుస్తుంటే అత్త నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. ఇంజనుకు పోయే గొట్టానికి పక్కన ఇంకో చిన్న గొట్టం ఉండేది. ఇంజను నడిపే ముందు ఒకరు పీపాకున్న గాలిపంకా పిడి తిప్పితే, మామ ఆ చిన్న గొట్టం కొసన అగ్గిపుల్ల గీసి గ్యాసు కుదిరిందో లేదో చూసేవాడు. నీలంగా మండేది.

"రోజు సూస్తున్న. గంత మంచి మంట గాలికి పోతాంది," అంటూ అత్త ఇంజను వైపు గ్యాసు పోయే దారి మూసేసింది. "నువ్వు తిప్పు పిల్లా, నేను వండుత."

"ఇంజను ఆగిపోతే ఎట్లత్తా?"

"ఆగితే ఆగనియ్యి. నీకు నాయిన ముందా, ఇంజను ముందా?"

నేను తిప్పాను. అత్త చిన్న గొట్టం కొసన మంట వెలిగించి, చుట్టూ మూడు రాళ్ళు పేర్చి కుండ ఎక్కించింది. విచిత్రం, ఇంజను ఆగలేదు. గ్యాసు తగ్గితే ఆ మహానుభావుడు లోటంతా డీజిల్‌తో పూడ్చుకుంటాడని మాకు తెలియదు. అవతల ఉపన్యాసం దంచుతున్న మామకూ తెలియలేదు.

వియ్యంకులిద్దరూ భోజనానికి కూర్చున్నారు. నాయిన రెండోసారి కూర వేయించుకుంటుండగా గిర్ని చప్పుడు ఆగింది. మామ ఎంగిలిచేత్తోనే పరుగెత్తి, ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాడు.

"డీజిలంత ఏడికి వోయింది?"

"కూరలకు," అంది అత్త, నాయినకు అన్నం వడ్డిస్తూ. "వండింది నీ పీపానే."

మామ పెరట్లోకి వెళ్ళి, పీపానూ పక్కన మూడు రాళ్ళమీదున్న చారుకుండనూ చాలాసేపు చూశాడు. తర్వాత వచ్చి మళ్ళీ విస్తరి ముందు కూర్చుని తినేశాడు. ఆయనా వేడికూర తిని చాలా రోజులైంది పాపం.

పోతూ పోతూ నాయిన నా తల నిమిరాడు. "తోలుకపోదామనే వచ్చిన బిడ్డా. ఇంజను సంగతేమో గని, మీ అత్త ఉండంగ నీకు సద్దన్నం గతి పట్టది. ఇగ నాకు రంది లేదు."

ఇప్పుడు నా వంటింట్లో మీట తిప్పితే చాలు, అదే నీలం మంట. అత్త లేదు, తిప్పడానికి పిడీ లేదు. కూర రుచి కుదరనప్పుడల్లా అందుకే కుదరలేదంటాను. మా కోడలు నవ్వి, "ఉప్పు మర్చిపోయినవత్తా," అంటుంది.