లాంతరు చిమ్నీలో పేనుబంక

ఉదయం మా ఇంటావిడ జలుబుకని నిమ్మగడ్డి కషాయం కాచి ఇచ్చింది. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే గుడివాడలోని పెంకుటింటి ఆఫీసు, కిటికీ పక్క బల్ల, దానిమీద పడుకోబెట్టిన లాంతరు చిమ్నీ కళ్లముందు నిలిచాయి. చిమ్నీ వెనక దావీదు గారు. ఆయన మీకు తెలియదు. పోయి ఎనిమిదేళ్లయింది, బతికుండగా కూడా సభల్లో వెనక వరుసలో కూర్చునే మనిషి. రైతులకు కొత్త విత్తనాలు, సాగు పద్ధతులు చూపించే వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు. నేను ఆయన దగ్గర గుమాస్తాని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అబద్ధాలాడడంలో మాత్రం అరవై ఏళ్ల అనుభవం.

ఆయన పల్లెలో పుట్టి, మిషను బడిలో చదువుకుని పైకొచ్చారు. తన వయసులో సగం లేని నన్ను కూడా 'గారు' అనే పిలిచేవారు. ఆ ఏడాది చిక్కుడు పాదులకు పేనుబంక విపరీతంగా పట్టింది. ఆవగింజంత నల్ల పురుగులు చిగుళ్ల మీద కిక్కిరిసి రసం పీల్చేస్తాయి. అవి వదిలే తీపి జిగురు కోసం చీమలు బారులు కడతాయి. వాటికి ఏ వాసన గిట్టదో చూడాలని దావీదు గారికి పట్టుదల పుట్టింది. చిమ్నీకి రెండు చివరలా చిక్కుడు చిగుళ్లు పెట్టి, ఒకదాని పక్కన నిమ్మగడ్డి తైలంలో ముంచిన దూది ఉంచేవారు. మధ్యలో పురుగుల్ని కుంచెతో వదిలేవారు. ఎన్ని ఎటు వెళ్లాయో చూసి చెప్పడం నా పని.

"ఏం చూశారు శేషయ్య గారూ?"

"పారిపోయాయండి. వెనక్కి తిరిగి కూడా చూడలేదు."

"ఎన్ని?"

"అన్నీనండి."

ఆయన భూతద్దం పెట్టి వంగి చూశారు. "సగానికి కాస్త ఎక్కువ వెళ్లాయి. కొన్ని తైలం వైపే పోయాయి. ఇదిగో, ఈ నాలుగూ కదల్లేదు. ఇవి మీకేం అపకారం చేశాయని లెక్కలోంచి తీసేశారు?" అన్నారు. మధ్యాహ్నానికి దూది ఆరింది. వెళ్లినవాటిలో చాలా మటుకు తిరిగొచ్చి దూది పక్క చిగురే ఎక్కాయి. అదీ నాచేత రాయించారు. నాకు రుచించలేదు. సగమే వెళ్లి, మళ్లీ తిరిగొచ్చే పురుగుతో కథేం చెబుతాం?

ఆ వారంలోనే విత్తనాలు ఇచ్చి రమ్మని నన్ను కోడూరు పంపారు. అక్కడ సుబ్బమ్మ అనే రైతు ఉండేది. తుపానుకి ఉప్పునీరు ఎక్కి ఆమె వరి పోయింది. మిగిలింది మెరక మీది చిక్కుడు పందిరి. ఆ కాయలు అమ్ముకునే మళ్లీ పంట దాకా తనూ కూతురూ బతకాలి. నేను వెళ్లేసరికి, మంచు తడి ఆరకముందే, చిగుళ్ల మీద జల్లెడతో బూడిద చల్లుతోంది. ఆ సీమలో పేనుబంకకు అదే మందు.

"బూడిదెందుకమ్మా, సన్యాసులకా?" అన్నాను. "మా ఆఫీసులో తైలం ఉంది. దాని వాసన తగిలేసరికి పేనుబంక బారులు తీరి పాలకాయతిప్ప దాకా నడిచి సముద్రంలో దూకింది. వెనకే వెళ్లి చూశాను."

"నిజంగానా బాబూ?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆఫీసు మనిషి మాట కదా. కథ మధ్యలో ఆపడం నాకు చేతకాదు. జలుబుకని ఆఫీసులో చెప్పకుండా తెచ్చుకున్న తైలం బుడ్డి ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

పది రోజులకు కబురొచ్చింది. దావీదు గారూ నేనూ వెళ్లాం. చిక్కటి తైలం పూసిన చిగుళ్లన్నీ మాడి నల్లబడ్డాయి. తైలం అందని పైకొమ్మల మీద పేనుబంక నిశ్చింతగా ఉంది. నా మాట నమ్మి ఆమె బూడిద చల్లడం మానేసింది కదా. సుబ్బమ్మ కేకలు వేయలేదు.

"మీ అబ్బాయి సముద్రం దాకా నడిచాయన్నాడండీ. నా పందిరే దాటలేదు" అంది.

ఆయన నన్ను వెనకేసుకొస్తారని ఎదురుచూశాను. ఆయన గట్టు మీద కూర్చుని, "తప్పు మా ఆఫీసుదమ్మా" అని నా వైపు తిరిగారు. "చిమ్నీలో ఏం చూశారో అమ్మగారికి చెప్పండి శేషయ్య గారూ. చూసింది మాత్రమే."

నా జన్మలో అంత చిన్న కథ చెప్పలేదు. సగానికి కాస్త ఎక్కువ వెళ్లాయి, కొన్ని కదల్లేదు, వాసన ఆరగానే తిరిగొచ్చాయి.

సుబ్బమ్మ మాడిన చిగురొకటి తుంచి పారేసింది. "వాసన ఉన్నంతసేపూ కొన్నైనా రావన్నమాట. ఆ ముక్క ముందే చెబితే సరిపోయేదిగా బాబూ. దొడ్లో నిమ్మగడ్డి ఉంది. రోజూ నలిపి కొత్త చిగుళ్ల పక్కన కడతాను. పాతవాటికి నా బూడిద ఉండనే ఉంది."

మూడు రోజులు అక్కడే ఉన్నాం. మాడిన కొమ్మలు దావీదు గారు కోశారు, బూడిద నేను మోశాను. తరవాత అడుగు నుంచి కొత్త తీగలు లేచాయి. పేనుబంక పూర్తిగా పోయిందని చెప్పను. పూత నిలిచేంతగా తగ్గింది. ఆలస్యంగానైనా కాపు వచ్చింది. సుబ్బమ్మ ఒక బుట్టెడు కాయలు ఆఫీసుకు పంపింది. పైఅధికారులకు వెళ్లిన రిపోర్టులో "తైలం వాడకం మేము సరిగా చెప్పలేదు" అని రాసి దావీదు గారు సంతకం పెట్టారు. నా పేరు ఎక్కడా లేదు.

నేను మారిపోయానని అనుకోకండి. మొసలి వీపు మీద కృష్ణ దాటిన సంగతి ఇప్పటికీ చెబుతాను. ఆ మొసలి ఏటేటా పొడుగవుతూనే ఉంది. కానీ ఎవరైనా పంట గురించో మందు గురించో అడిగితే మాత్రం ఆ చిమ్నీ అడ్డం వస్తుంది. కదలని ఆ నాలుగూ గుర్తుకొస్తాయి.

ఇందాక మా ఇంటావిడ వచ్చి, "కషాయం పనిచేసిందా?" అని అడిగింది. ఏనుగులా ఘీంకరించగలనని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

"ఎడమ ముక్కు తెరుచుకుంది. కుడిది కదల్లేదు" అన్నాను.

"అయితే సాయంత్రం మళ్లీ కాస్తాను" అని గ్లాసు తీసుకెళ్లింది.